ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో చేరాలా, గేమింగ్ కంపెనీకి వెళ్లాలా? ప్రొడక్షన్ డిజైన్ తెలిసినవాళ్లు చెప్పండి

విశాఖ_కుంచె | ఆదివారం రాత్రి 9:40

అందరికీ నమస్తే. వైజాగ్‌లో బీఎఫ్‌ఏ పెయింటింగ్ ఈ ఏడాదే అయిపోయింది. చేతిలో రెండు దారులున్నాయి. ఒకటి హైదరాబాద్‌లో ఒక గేమింగ్ కంపెనీలో బ్యాక్‌గ్రౌండ్ ఆర్టిస్ట్ ఉద్యోగం, నెల జీతం, పీఎఫ్ అన్నీ ఉన్నాయి. రెండోది ఒక ఆర్ట్ డైరెక్టర్ గారి దగ్గర అసిస్టెంట్‌గా చేరమన్నారు, మొదటి సినిమాకి బస, భోజనం, చేతి ఖర్చులు మాత్రమే అన్నారు. నాకు మనసంతా రెండోదాని మీదే ఉంది. మా నాన్న మాత్రం "సెట్లు వేసే పనికి డిగ్రీ ఎందుకమ్మా" అంటున్నారు. ఆయన తప్పని నేను అనడం లేదు, ఆయనకు చెప్పడానికి నా దగ్గరే సరైన జవాబు లేదు. అసలు ప్రొడక్షన్ డిజైనర్ రోజంతా ఏం చేస్తారు, అక్కడిదాకా వెళ్లడానికి ఎన్నేళ్లు పడుతుంది, ఆడపిల్లకి ఈ డిపార్ట్‌మెంట్ ఎలా ఉంటుంది? ఉన్నది ఉన్నట్టు చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

కృష్ణానగర్_సెట్ | ఆదివారం రాత్రి 10:25

చెల్లీ, నేను 19 ఏళ్లుగా ఇదే డిపార్ట్‌మెంట్‌లో ఉన్నాను. అసిస్టెంట్‌గా మొదలుపెట్టి, అసోసియేట్ అయి, ఇప్పుడు సీరియళ్లకీ వెబ్ సిరీస్‌లకీ సొంతంగా చేస్తున్నాను. నాన్నగారికి చెప్పాల్సిన జవాబు ముందు చెప్తాను. మా పనిలో సెట్ వేయడం చివరి మెట్టు. మొదటి మెట్టు స్క్రిప్ట్ చదవడం. కథ చేతికి రాగానే సీన్ సీన్‌కీ బ్రేక్‌డౌన్ రాసుకుంటాం: ఎక్కడ జరుగుతుంది, పగలా రాత్రా, నటుడు చేత్తో ఏ వస్తువు ముట్టుకుంటాడు, ఏది పగులుతుంది, పగిలేది అయితే ఎన్ని జతలు కావాలి, ఆ ఇల్లు మళ్లీ ఎన్నో సీన్‌లో కనిపిస్తుంది, అప్పటికి కథలో ఎన్నాళ్లు గడిచాయి. ఆ కాగితం మీదే బడ్జెట్ లెక్క తయారవుతుంది. తర్వాత డైరెక్టర్‌తో, కెమెరామెన్‌తో రెక్కీ, అంటే లొకేషన్లు వెళ్లి చూడటం. ఏది ఉన్న లొకేషన్‌లో తీయొచ్చు, ఏది వేయాలి అనేది అక్కడ తేలుతుంది. ఆ తర్వాతే స్కెచ్, ప్లాన్, మోడల్, కార్పెంటర్ మేస్త్రికి కొలతల డ్రాయింగ్.

నీ మొదటి రెండేళ్లలో నువ్వు బొమ్మ వేసేది బహుశా రోజుకి అరగంట. మిగతా టైమంతా టేపు పట్టుకుని కొలతలు తీయడం, బేగంబజార్‌లో ఇత్తడి సామాన్లు బేరం చేయడం, అద్దెకు తెచ్చిన ప్రతి వస్తువూ పుస్తకంలో రాసి తిరిగి అప్పజెప్పడం, కంటిన్యుటీ ఫోటోలు (ఒక షాట్‌కీ ఇంకో షాట్‌కీ వస్తువుల చోటు మారకుండా చూసుకోడానికి) తీయడం. ఇందులో ఏదీ చిన్నపని కాదు. బిల్లుల పుస్తకం సరిగ్గా రాసే అసిస్టెంట్‌ని ఏ ఆర్ట్ డైరెక్టరూ వదులుకోడు.

నేను చేసిన ఒక తప్పు చెప్తాను, నీకు పనికొస్తుంది. 1994లో జరిగే కథ, ఊళ్లో కిరాణా కొట్టు సెట్. గాజు సీసాల్లో బిళ్లలు, తూకం రాళ్లు, గోనె బస్తాలు, పాత బ్రాండ్ల సబ్బు కవర్లు, అన్నీ వెతికి వెతికి పెట్టాం. పెయింటర్ ధరల పలక చాలా అందంగా రాశాడు. కందిపప్పు, బెల్లం, కిరసనాయిలు, పక్కన ధర. ధర ముందు ఇప్పటి రూపాయి గుర్తు వేశాడు. ఆ గుర్తు వచ్చిందే 2010 జులైలో. అప్పుడు "రూ" అని రాసి చుక్క పెట్టేవాళ్లు. ఆ పలక ముందు నిలబడి అక్షరాల రంగు బాగుందని చూసి ఓకే చెప్పింది నేనే. రెండు రోజులు షూట్ అయ్యాక ఎడిటింగ్‌లో బయటపడింది. ఒక్కో షాట్‌లో గ్రాఫిక్స్‌తో చెరపాల్సి వచ్చింది, ఆ ఖర్చుతో ఇంకో గది సెట్ వేసుకునేవాళ్లం. పెయింటర్ తప్పు కాదు, అతను రోజూ రాసేదే రాశాడు. చూడాల్సింది నేను.

పాత_సినిమా_పిచ్చి | ఆదివారం రాత్రి 11:10

పైన అన్న గారు చెప్పింది చదివి నిద్ర పట్టలేదు, ఇలాంటి వివరాలంటే నాకు ప్రాణం. రూపాయి గుర్తు ఒక్కటే కాదు. పిన్ కోడ్ 1972 ఆగస్టు 15న మొదలైంది, కాబట్టి అరవైల కథలో పోస్ట్‌మన్ తెచ్చే ఉత్తరం మీద ఆరంకెలు ఉండకూడదు. బండి నంబర్లు ఇంకా పెద్ద చిక్కు. మన రాష్ట్రంలో ఏపీ 16, ఏపీ 31 లాంటి పద్ధతి 1989 తర్వాతది, అంతకుముందు మూడక్షరాల వరస. 2014లో తెలంగాణకి టీఎస్, 2024లో టీజీ. ఆంధ్రలో 2019లో అన్ని జిల్లాలకీ ఏపీ 39 వచ్చింది. కాబట్టి సీన్‌లో బండి వెనకభాగం కనిపిస్తే చాలు, ఏ కాలమో, ఏ ప్రాంతమో తెలిసిపోతుంది.

ఇంకో మాట. ఈ వృత్తి మన దగ్గర నిన్న మొన్నటిది కాదు. పాతాళభైరవి (1951), మాయాబజార్ (1957) సినిమాలకి ఆర్ట్ డైరెక్షన్ చేసింది మాధవపెద్ది గోఖలే, కళాధర్ గార్లు. గోఖలే గారు కథకుడు కూడా, ఆయన కథలు పుస్తకంగా దొరుకుతాయి. మాయాబజార్‌లో ద్వారకా నగరం చూశారా, అది సుమారు 50 అడుగులకు 60 అడుగుల జాగాలో 300 దాకా చిన్న చిన్న అట్టపెట్టె ఇళ్లతో కట్టిన నమూనా. గ్రాఫిక్స్ లేని రోజుల్లో! చిన్నప్పుడు చూసినప్పుడు అక్కడికి రైలు వెళ్తుందేమో అనుకున్నాను.

మచిలీపట్నంలో పుట్టిన ఆర్ట్ డైరెక్టర్ తోట తరణి గారి నాన్నగారూ ఈ రంగంలోనే పనిచేశారు. నాయకన్ (1987) కోసం తరణి గారు ముంబై ధారావిని చెన్నైలో ఒక స్టూడియోలో కట్టారు. చూసినవాళ్లెవరికీ అది సెట్ అని తట్టలేదు. దానికీ, భారతీయుడు (1996) కీ జాతీయ అవార్డులు, 2001లో పద్మశ్రీ. అర్జున్ (2004) లో మధుర మీనాక్షి గుడి కూడా ఆయన వేసిందే. నాన్నగారికి ఈ పేర్లు చెప్పండి, ఆ తరం వాళ్లు గుర్తుపడతారు.

విశాఖ_కుంచె | సోమవారం ఉదయం 7:15

మీ ఇద్దరికీ చాలా థాంక్సండీ. రాత్రి నాన్నకి మాయాబజార్ సంగతి చదివి వినిపించాను. "ఆ ద్వారక బొమ్మా?" అని లేచి కూర్చున్నారు. ఇంకా ఒప్పుకోలేదు కానీ విన్నారు. ఒక డౌట్: ఆర్ట్ డైరెక్టర్, ప్రొడక్షన్ డిజైనర్ ఒకటేనా? టైటిల్స్‌లో ఒక్కోసారి రెండూ కనిపిస్తున్నాయి.

అట్లాంటా_ప్రాప్స్ | సోమవారం ఉదయం 8:50

నేను అమెరికాలో జార్జియా రాష్ట్రంలో ఉంటాను, గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ ఇంటీరియర్స్ చదివి సెట్ డెకరేషన్ టీమ్‌లో కొనుగోళ్ల పని చేస్తున్నాను. ఇక్కడ తేడా చాలా స్పష్టం. ప్రొడక్షన్ డిజైనర్ అంటే సినిమా మొత్తం ఎలా కనిపించాలో ఆలోచించే మనిషి, డైరెక్టర్‌తో, కెమెరామెన్‌తో సమానంగా కూర్చుంటారు. ఆయన కింద ఆర్ట్ డైరెక్టర్ ఉంటారు, డ్రాయింగులు, కట్టడం, లెక్కలు నడిపేది ఆయన. పక్కన సెట్ డెకరేటర్: సోఫా, కర్టెన్, వంటింటి డబ్బాలు, గోడ మీద ఫోటోలు. నటుడు చేత్తో పట్టుకునేవి మళ్లీ వేరే డిపార్ట్‌మెంట్. ప్రొడక్షన్ డిజైనర్ అనే పేరు 1939లో గాన్ విత్ ద విండ్ సినిమాకి విలియం కామెరాన్ మెంజీస్ చేసిన పనికి తగిన పేరు లేక పుట్టింది. ఆస్కార్ వాళ్లు తమ అవార్డు పేరు ఆర్ట్ డైరెక్షన్ నుంచి ప్రొడక్షన్ డిజైన్‌గా మార్చింది 2012లో.

ఇక్కడ అంతా సుఖమే అనుకోవద్దు. పన్ను రాయితీ 30 శాతం దాకా ఇస్తారు కాబట్టి సినిమాలు జార్జియాకి వస్తాయి, రాయితీ ఇంకో చోట ఎక్కువైతే అటు వెళ్లిపోతాయి. 2023లో రైటర్లు, నటులు సమ్మె చేసినప్పుడు నాకు నెలల తరబడి పని లేదు. అద్దె కట్టడానికి ఫర్నిచర్ షాపులో నిలబడ్డాను. చెల్లెమ్మా, ఎక్కడ చేసినా ఈ వృత్తిలో ఒక సినిమాకీ ఇంకో సినిమాకీ మధ్య ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీకి డబ్బు పక్కన పెట్టుకోవడం మొదటి జీతం నుంచే అలవాటు చేసుకో.

కృష్ణానగర్_సెట్ | సోమవారం మధ్యాహ్నం 1:30

అట్లాంటా మేడం చెప్పింది కరెక్ట్. మన దగ్గర చాలాకాలం అన్నీ ఒక్క ఆర్ట్ డైరెక్టర్ నెత్తినే ఉండేవి, ఇప్పటికీ చిన్న సినిమాలో అంతే. పెద్ద సినిమాల్లో మాత్రం పని విడిపోయింది. బాహుబలి, ఆర్‌ఆర్‌ఆర్ చేసిన సాబు సిరిల్ గారిని ప్రొడక్షన్ డిజైనర్ అనే అంటారు. కథ రాసే దశలోనే ఆయన బొమ్మలు మొదలవుతాయి. ఆడపిల్లల సంగతి అడిగావు కదా, రంగస్థలం సినిమాలో ఊరు సెట్ వేసింది రామకృష్ణ, మోనిక గార్లు, ఇద్దరూ కలిసే. ఆ ఊరు సెట్ హైదరాబాద్‌లో కట్టిందే.

ఖాళీ గురించి నేనూ ఒక మాట. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు సగం వేసిన సెట్ అలాగే వానకి నానిపోయింది. 2025 ఆగస్టులో 30 శాతం వేతనాలు పెంచమని కార్మికులు షూటింగులు ఆపినప్పుడు రెండు వారాలకు పైగా పని లేదు. ఆ రోజుల్లో నాకు అన్నం పెట్టింది పెళ్లి మంటపాలు, షోరూమ్ డిజైన్లు. వాటిని తక్కువగా చూడొద్దు. సినిమాల్లో ఆర్ట్ డైరెక్టర్‌గా చేసిన ఆనంద్ సాయి గారు యాదాద్రి గుడి పునర్నిర్మాణానికి రూపకల్పన చేశారు, 2022 మార్చిలో తెరిచిన ఆ రాతి గుడిని సెట్ అని ఎవరంటారు?

వడ్రంగి_బిడ్డ | సోమవారం రాత్రి 8:05

మా నాన్న 30 ఏళ్లు సెట్ కార్పెంటర్. ఇందాకటి నుంచి చదువుతున్నాను, ఎవరూ ఆయనలాంటివాళ్ల గురించి మాట్లాడలేదని రాస్తున్నాను. తప్పు పట్టడం లేదు, కానీ అక్కా, నువ్వు రేపు డిజైనర్ అయ్యాక నీ బొమ్మని నిలబెట్టేది వాళ్లే. రీపర్లు (సన్న చెక్క పట్టీలు) కోసి ఫ్రేమ్ కట్టి ప్లైవుడ్ బిగిస్తారు, మౌల్డర్లు పీఓపీతో స్తంభాలు, శిల్పాలు పోస్తారు, పెయింటర్లు దానికి వయసు తెస్తారు. ముందు నుంచి రాజమహల్, వెనక్కి వెళ్తే గజం గజానికీ ఒక ఊతకర్ర, ఇసుక బస్తా. చిన్నప్పుడు నాన్న నన్ను వెనకవైపు నుంచే తీసుకెళ్లేవాడు, అందుకని నాకు ఇప్పటికీ సినిమాలో గోడ చూస్తే దాని వెనకవైపే గుర్తొస్తుంది.

ఒకసారి ఒక సినిమాకి (పేరు చెప్పను) మేడ మీద నలుగురు నటులు నిలబడాలని డ్రాయింగ్ వచ్చింది. షూటింగ్ రోజు పొద్దున నలుగురు ఇరవై మంది డాన్సర్లయ్యారు. నాన్న ఎక్కనివ్వనన్నాడు. ఆలస్యం అయిందని అరిచారు. అసిస్టెంట్ ఒక అమ్మాయి మాత్రం నాన్న పక్కన నిలబడి "మేస్త్రి గారు చెప్పాక ఎక్కొద్దు, కింద ఇంకో వరస ఊతలు వేయించండి" అని గట్టిగా చెప్పింది. రెండు గంటలు ఆగింది షూటింగ్. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ అమ్మాయి పేరు నాన్న ఇప్పటికీ తలుచుకుంటాడు. థర్మోకోల్, రంగులు, వైర్లు ఒక్కచోట ఉంటాయి, నిప్పు అంటుకుంటే నిమిషాల్లో పోతుంది. మంటలార్పే సిలిండర్ ఎక్కడుందో నీ డ్రాయింగ్‌లో గుర్తు పెట్టుకో.

కెమెరా_అసిస్టెంట్_98 | సోమవారం రాత్రి 9:20

మా వైపు నుంచి రెండు విషయాలు. తెల్ల గోడ వేయొద్దు. మేం లైట్ వేయగానే అది మెరిసి ముఖం నల్లబడుతుంది, కొంచెం మట్టి కలిసిన రంగు వేస్తే ముఖం బయటికి వస్తుంది. రెండోది, ప్రతి గదిలో కనీసం ఒక గోడ ఊడదీసేలా కట్టండి, లేకపోతే చిన్న గదిలో కెమెరా పెట్టడానికి చోటు ఉండదు. ఫ్రేమ్‌లో కనిపించే ట్యూబ్‌లైట్, బెడ్‌ల్యాంప్, దేవుడి గదిలో చిన్న బల్బు, ఇవన్నీ మీరు పెట్టేవే అయినా మాకు వెలుగునిచ్చేవి కూడా. ముందే మాట్లాడుకుంటే ఇద్దరికీ మంచిది. హీరోయిన్ చీర రంగు కాస్ట్యూమ్స్ వాళ్లని అడగకుండా గోడకి రంగు వేస్తే ఆవిడ గోడలో కలిసిపోతుంది, ఇది నేను కళ్లారా చూశాను.

లలితకళ_మాస్టారు | మంగళవారం ఉదయం 6:30

అమ్మాయీ, నేను ముప్పై ఏళ్లకు పైగా డ్రాయింగ్ చెప్పి రిటైరయ్యాను. నా విద్యార్థులు కొందరు ఈ రంగంలో ఉన్నారు. చదువు కొనసాగించాలనుకుంటే పుణె ఫిలిం ఇన్‌స్టిట్యూట్‌లో ఆర్ట్ డైరెక్షన్, ప్రొడక్షన్ డిజైన్‌కి ప్రత్యేకంగా మూడేళ్ల పీజీ కోర్సు ఉంది, పెయింటింగ్, శిల్పం, ఆర్కిటెక్చర్, ఇంటీరియర్ చదివినవాళ్లు రాయవచ్చు. సీట్లు బాగా తక్కువ. ముందు ఒక సినిమా చేసి ఆ తర్వాత రాస్తే నీకే తేలిగ్గా ఉంటుంది, వాళ్లు అడిగేది నువ్వు చూసిన లోకం గురించే.

నీ పోర్ట్‌ఫోలియో గురించి ఒక మాట. మా పిల్లలందరూ రాధాకృష్ణులు, సముద్ర తీరాలు, ముసలివాళ్ల ముఖాలు పట్టుకెళ్తారు. బాగుంటాయి. కానీ ఆర్ట్ డైరెక్టర్‌కి కావాల్సింది గది. నువ్వు ఒక పని చెయ్యి. మీ అమ్మమ్మ గారి వంటిల్లు కొలతలతో గియ్యి. పొయ్యి ఎంత ఎత్తులో ఉంది, పొగ గోడ మీద ఏ వైపుకి పాకింది, ఉప్పు జాడీ చేతికి అందేంత దూరంలో ఉందా, స్విచ్ బోర్డు చుట్టూ జిడ్డు ఎంత మేర పట్టింది, గోడ మీద పిల్లల చేతి మరకలు నేల నుంచి ఎన్ని అంగుళాల ఎత్తులో ఆగిపోయాయి. ఆ మరకల ఎత్తు చూస్తే ఆ ఇంట్లో పిల్లల వయసు తెలుస్తుంది. అది గమనించే కన్ను ఉంటే మిగతాది నేర్చుకోవచ్చు.

విశాఖ_కుంచె | మంగళవారం రాత్రి 10:15

మాస్టారూ, నమస్కారం. మీ మాట చదివి ఈరోజు మధ్యాహ్నం బస్సెక్కి అనకాపల్లి అమ్మమ్మ ఇంటికి వచ్చేశాను. పొయ్యి గట్టు నేల నుంచి రెండడుగుల నాలుగంగుళాలు, అమ్మమ్మ పొట్టిగా ఉంటుందని తాతయ్య అలా కట్టించాడట. పొగ మరక కిటికీ వైపు కాకుండా ఎదురు వైపు పాకింది, ఎందుకా అని చూస్తే కిటికీ రెక్క ఏళ్ల తరబడి తెరుచుకోవడం లేదు. ఉప్పు జాడీ కుడిచేతి వైపు, కారం ఎడమ వైపు, అమ్మమ్మ ఎడమచేతి వాటం అని నాకు ఇన్నేళ్లూ తెలియదు! ఎనిమిది పేజీలు గీశాను.

ఇంకో రెండు డౌట్లు. చేతి ఖర్చులకే చేరితే ఎన్నాళ్లు అలా? ఏమైనా రాతపూర్వకంగా అడగొచ్చా? ఇంకా, గ్రాఫిక్స్, నటుల వెనక దృశ్యం చూపించే ఆ పెద్ద ఎల్‌ఈడీ తెరలు వచ్చాక ఈ పని ఉంటుందా?

కృష్ణానగర్_సెట్ | మంగళవారం రాత్రి 11:00

అడగొచ్చు, అడగాలి. మొదటి సినిమా బస, భోజనం, ఖర్చులతో చేస్తే చెయ్యి, కానీ నెలకి ఎంత, ఎన్ని నెలలు, టైటిల్స్‌లో పేరు పడుతుందా, రాత్రి షూట్ అయితే ఇంటికి చేర్చే బండి ఎవరిది, ఇవి వాట్సాప్ మెసేజ్‌లో అయినా రాయించుకో. అవుట్‌డోర్‌లో ఆడవాళ్లకి బాత్రూం, బట్టలు మార్చుకునే చోటు ఉందా అని ముందే అడుగు, సిగ్గుపడొద్దు. నాకు ఒకసారి ఒక నిర్మాణ సంస్థ ఆఖరి రెండు నెలల డబ్బు ఎగ్గొట్టింది, నోటి మాట తప్ప నా దగ్గర కాగితం లేదు. రెండో సినిమాకి జీతం లేకుండా ఎవరు రమ్మన్నా వెళ్లొద్దు. యూనియన్ కార్డు సంగతి మీ ఆర్ట్ డైరెక్టర్ గారినే అడుగు, ఫీజు ఎక్కువే, విడతలుగా కట్టే వీలుందేమో కనుక్కో.

ఎన్నేళ్లు పడుతుందన్నావు. నాకు సొంతంగా మొదటి టైటిల్ కార్డు పడటానికి పదకొండేళ్లు పట్టింది. నా తోటివాడికి ఆరేళ్లలోనే వచ్చింది, ఇంకొకరు ఇప్పటికీ అసోసియేట్‌గానే ఉన్నారు, ఆయన లేకపోతే సెట్ కదలదు.

ఎల్‌ఈడీ తెర గురించి: తెర మీద కొండలు వేసినా నటుడు కూర్చునే రాయి, కాళ్ల కింద మట్టి మనమే తేవాలి. ఆ మట్టి రంగు తెర మీద మట్టి రంగుతో కలవాలి, ఆ కలిపే పని కూడా మనదే. త్రీడీ నేర్చుకో, అడ్డం కాదు. ఆ గేమింగ్ కంపెనీ వాళ్లని ఆరు నెలలు టైం ఇస్తారేమో అడిగి చూడు. ఇవ్వకపోతే నీ ఇష్టం, కానీ ఇంట్లో డబ్బు అవసరం గట్టిగా ఉంటే ముందు ఆ ఉద్యోగంలోనే చేరు, రెండేళ్ల తర్వాత వచ్చినా ఈ డిపార్ట్‌మెంట్ నిన్ను తీసుకుంటుంది.

విశాఖ_కుంచె | బుధవారం సాయంత్రం 6:40

అప్‌డేట్. కంపెనీ వాళ్లు నాలుగు నెలలు ఆగుతామన్నారు. ఆర్ట్ డైరెక్టర్ గారికి మీరు చెప్పినట్టే నెల ఖర్చులు, బండి, టైటిల్ కార్డు గురించి మెసేజ్ పెట్టాను, "అడిగినందుకు మంచిదమ్మా, అన్నీ ఓకే" అని రాశారు. నాన్నకి వంటింటి బొమ్మలు చూపించాను. ఏమీ అనలేదు, చాలాసేపు చూసి "కిటికీ రెక్క నేనే మేకు కొట్టాను, తుపాను అప్పుడు" అన్నారు. వచ్చే సోమవారం హైదరాబాద్ వస్తున్నాను, నాన్నే దింపుతానన్నారు.

వడ్రంగి_బిడ్డ | బుధవారం సాయంత్రం 7:05

అక్కా, మంచి వార్త. నీ కొలతలు మా నాన్నకి చదివి వినిపించాను. అంతా విని "గడప ఎత్తు రాయలేదేం, కెమెరా ట్రాలీ వెళ్లాలంటే ముందు అదే అడుగుతారు" అన్నాడు.

విశాఖ_కుంచె | బుధవారం రాత్రి 7:30

అమ్మమ్మకి ఇప్పుడే ఫోన్ చేసి కొలిపించాను. ఐదంగుళాలు. మధ్యలో అరిగిపోయి నాలుగున్నరే ఉందట. ప్లాన్‌లో రాసుకున్నాను, నాన్నగారికి థాంక్స్ చెప్పు.